ఎడమకు ఎంత ఎడం

మారిస్వామి డ్రైవింగ్ స్కూలు, బాణసవాడి.
ముసలి మారుతి. నా కాళ్ళ కింద మూడు పెడళ్ళు,
ఆయన కాళ్ళ కింద ఇంకో రెండు.
నలభయ్యేడేళ్ళకి స్టీరింగ్ పట్టిన మనిషి పక్కన
ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే.

"లెఫ్ట్ తగొళ్ళి మేడం, లెఫ్ట్!"
నా చేతులు ఆలోచనలో పడతాయి.
అవి తేల్చుకునేలోగా
కమ్మనహళ్ళి మలుపు వెనకబడిపోతుంది.

పలమనేరు బళ్ళో
నేను బలపం పట్టిన చెయ్యి చూసి
అయ్యవారు వేళ్ళ కణుపుల మీద కొట్టారు.
అప్పట్నించీ నాకు కుడి అంటే
దెబ్బ తిన్నాక వాడాల్సిన చెయ్యి.
కత్తెర కూడా కుడిచేతి వాళ్ళదే.
ముప్పయ్యేళ్ళుగా దాన్ని బతిమాలి బతిమాలి
జాకెట్లు కత్తిరిస్తున్నాను.

"కుడికా?" అంటాను బెదురుగా.
"కుడీబేకా? ముందే టీ అంగడి ఇదె" అని నవ్వుతాడు.
ఆయన భాషలో కుడి అంటే తాగడం.
కుడిచే చెయ్యి కనక కుడి అనేది మా అమ్మమ్మ.
తిండో తీర్థమో,
మొత్తానికి ఆ చేతికి కడుపు నిండింది.
చాలదన్నట్టు కన్నడం దాన్ని 'బల' అని కూడా పిలుస్తుంది.
ఇక ఎడమకేం మిగిలింది?

కాక్స్ టౌన్ మిసెస్ డిమెల్లో,
కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి,
గౌను నడుము వదులు చేయించుకుంటూ చెప్పింది:
లెఫ్ట్ అంటే వాళ్ళ పాత ఇంగ్లీషులో
బలహీనం అట, పనికిరానిది అట.
మరి వెళ్ళిపోవడం కూడా లెఫ్టే కదా?
"అది వేరే మాట.
ఇంటిపేరు కలిసింది గానీ చుట్టరికం లేదు."
నోటి నిండా గుండుసూదులు,
నేనేం అనలేకపోయాను.

చుట్టరికం లేదా?
నా ఫోను చూపించనా?
మా టైలరింగ్ షాపు గ్రూపులో, మే పధ్నాలుగున,
బూడిద రంగు అక్షరాల్లో:
సుభాషిణి లెఫ్ట్.

పందొమ్మిదేళ్ళు నా ఎడమ పక్క మిషను ఆమెది.
నా బాబిన్ ఖాళీ అయిన చప్పుడు విని
తల తిప్పకుండానే ఇంకోటి అందించేది.
అద్దె వాటాల దగ్గర ఒక మాట దొర్లింది.
దొర్లింది అంటున్నాను.
అన్నది నేనే.

మన తెలుగేం తక్కువ తినలేదు.
ఎడమలోనే ఎడం ఉంది,
ఇంకాస్త లాగితే ఎడబాటు వస్తుంది.
ఆ పదం తయారుచేసినవాడెవడో
షాపులో ఆ ఖాళీ స్టూలు చూసే ఉండాలి.

కానీ సంతలో ఎద్దుల బేరానికి
నాన్న వెంట వెళ్ళిన రోజుల్లో
ఇంకో మాట వినేదాన్ని.
కాడికి కుడివైపుది వలపటెద్దు,
ఎడమవైపుది దాపటెద్దు.
దాపు అంటే దగ్గర.
చదువు రాని వాళ్ళ నోట
ఎడమ ఎంచక్కా దగ్గరే ఉండేది.
ఎప్పుడు జరిగిపోయిందో అంత దూరం.

మారిస్వామి కూర్చునేదీ నా ఎడమవైపే.
నన్ను కాపాడే బ్రేకూ అటే.
ఈ సంగతి మిసెస్ డిమెల్లోకి చెప్పాలి.

ఇవాళ లింగరాజపురం దగ్గర
"నేరా హోగి" అంటున్నాడు ఆయన.
నా చెయ్యి మాత్రం,
ఎవరినీ అడక్కుండా,
నలభై ఏళ్ళ తర్వాత దెబ్బకి జడవకుండా
ఎడమకి తిప్పింది.
సందు. కూరగాయల బండి. జిరాక్స్ షాపు.
దాని పక్కన కొత్త బోర్డు, కొత్త మిషను,
దాని మీద వంగిన, నాకు తెలిసిన నడినెత్తి పాపిట.

క్లచ్ వదిలేశాను. ఇంజను చచ్చింది.
వెనక మూడు హారన్లు.
"ఇల్లి యాకె?" అంటున్నాడు మారిస్వామి.
ఏ భాషలో చెప్పను?
ఇండికేటరు ఒక్కటే
టిక్కు టిక్కుమంటూ
అటే చూపిస్తోంది.